ఐసు తొట్టిలో నాలుగో రోజు

అప్పలరాజు బావా, బాగున్నావా?

నువ్వు వెళ్ళి పది నెలలైంది. ఇన్నాళ్ళూ ఒక్క ముక్క రాయలేదని కోపం తెచ్చుకోకు. రాద్దామని ఫోను పట్టుకుంటే వేళ్ళు ఆగిపోయేవి. ఇవాళ షాపు మెట్ల మీద కూర్చుని గబగబా కొట్టేస్తున్నాను. తప్పులుంటే నువ్వే సర్దుకో...

ముందు మీ ఇంటి కబుర్లు. లక్ష్మి చెల్లెమ్మ ఉక్కునగరం క్వార్టర్ ఖాళీ చేసి గాజువాకలో అద్దెకి దిగింది. పాప డిగ్రీలో చేరింది. నడక అచ్చం నీదే, మనిషి కంటే తల ముందు వెళ్తుంది. నా ఐసు కొట్టు ఉన్నచోటే ఉంది. ఐసు బార్లు దిమ్మలు దిమ్మలుగా వస్తున్నాయి, మిషనులో పొడి అవుతున్నాయి, చేపలమ్మే వాళ్ళు తట్టలతో వచ్చి నన్ను తిడుతున్నారు. అన్నీ మామూలే.

నేనే మామూలుగా లేను.

స్టీల్ ప్లాంటు కొలిమి దగ్గర ఏ షిఫ్టు దిగినా నీ బండి మల్కాపురంలో నా కొట్టు మీదుగానే ఇంటికెళ్ళేది కదా. వచ్చీ రాగానే రెండు అరచేతులూ ఐసు బారుకి ఆనించి నిలబడేవాడివి. "నాకాడ సెగ, నీకాడ సలవ. ఇద్దర్నీ కలిపి సేత్తే ఒక మంచి మడిసౌతాడు బావా" అనేవాడివి. ఒక ఆదివారం మధ్యాహ్నం భోంచేసి పడుకున్నావు, గుండె ఆగిపోయింది. అంతే... ఎవరితోనూ ఒక్క మాట లేదు. అలా ఎలా వెళ్ళావు?

ఆ తరువాత నా సంగతి చెప్పాలంటే సిగ్గేస్తోంది. పొద్దున్నే లేచేవాణ్ణి, షట్టరు ఎత్తబుద్ధి అయ్యేది కాదు. అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగేది కాదు. మధ్యాహ్నం రెండున్నరైతే నీ బండి చప్పుడు కోసం చెవి రోడ్డు వైపే ఉండేది. మా ఇంటిది రత్నం నన్ను ద్వారకా నగర్‌లో మనసు డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్ళింది. ఆవిడ డిప్రెషన్ అంది. అది పెద్ద పెద్ద ఉద్యోగాలవాళ్ళకొచ్చే జబ్బనుకున్నాను బావా, ఐసు అమ్ముకునేవాడికి ఎందుకొస్తుంది? మాత్రలు రాసింది. మింగాను. కొంచెం నిద్ర పట్టింది.

ఇంతలో జ్యూసు షాపు రమణ ఒక వీడియో చూపించాడు. ఎక్కడో విదేశంలో మనుషులు చన్నీళ్ళ తొట్టిలో దిగి కూర్చుంటున్నారు. అలా దిగితే మనసులో దిగులు తగ్గుతుందట. చూసి నవ్వాను. వాళ్ళ చుట్టూ మంచి పూలూ, సువాసన కొవ్వొత్తులూ... నాకేమో వంజరం చేపలు వేసే నీలం డ్రమ్ముని సగానికి కోసిన తొట్టి. కానీ ఐసు వెతుక్కోవాలా నేను?

మర్నాడు పొద్దున్నే షాపు వెనక దిగాను.

నిజం చెప్తున్నాను బావా, మొదట ఊపిరి ఎవరో లాగేసుకున్నట్టయింది. దడ. పళ్ళు కొట్టుకున్నాయి. బయటికొచ్చాక ఒళ్ళంతా సన్నగా మంట, ఆ వెనకే ఒక వెచ్చదనం. టీ తాగితే రుచి తెలిసింది. ఎన్నాళ్ళకి! రత్నం మీద జోకు కూడా వేశాను, ఆవిడ గరిటె పట్టుకుని నిలబడిపోయి నన్నే చూసింది. మూడు రోజులు నేను మనిషిని.

ఆ మూడు రోజులకే తెలివి మీరిపోయాను. చన్నీళ్ళుండగా మాత్రలెందుకని మానేశాను, రత్నానికి చెప్పలేదు. ఇంకా చల్లగా ఉంటే ఇంకా బాగుంటుంది కదా అనుకున్నాను. నాలుగో రోజు ఐసు పొడి ఎక్కువ వేశాను. కుల్ఫీ బండివాళ్ళకి సరుకు కట్టేటప్పుడు చల్లదనం పెరగాలని కల్లుప్పు చల్లుతాం చూడు, చేతి అలవాటు... అదీ చల్లేశాను. సగం సంచి. ఉప్పు పడ్డ ఐసు మామూలు ఐసు కంటే చల్లబడుతుందని రోజూ జనానికి చెప్పేవాణ్ణి నేనే.

రత్నం టీ పట్టుకుని వచ్చేసరికి నాకు మాట లేదు. లేపబోయింది, నా బరువు లేవలేదు. ఇక తొట్టినే తన్ని పడేసింది. నేనూ, నీళ్ళూ, ఐసూ కలిసి వెనక వీధిలోకి వెళ్ళాం. పాదాల మీద చర్మం తెల్లబడిపోయింది, తరువాత పొక్కులు లేచాయి. రెండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాను.

ఉప్పు వల్ల కాళ్ళు మొద్దుబారిపోయాయి, లేవలేకపోయాను అని చెప్పాను. రత్నానికీ అదే, డాక్టరమ్మకీ అదే, చెల్లెమ్మకీ అదే. ఐసు వ్యాపారం చేసేవాడి ఐసు తప్పు... అందరూ తల వాచేలా తిట్టి నమ్మారు.

డాక్టరమ్మ మాత్రలు మళ్ళీ మొదలుపెట్టించింది. గుండె పరీక్ష చేయించింది. చన్నీళ్ళు కొందరికి హుషారు ఇస్తాయి గానీ మాత్రల బదులు కాదంది. ఐసు వద్దు, ఉప్పు మాట ఎత్తొద్దు, కుళాయి నీళ్ళు, రెండు నిమిషాలు, పక్కన మనిషి లేకుండా దిగొద్దు అంది.

ఆ మనిషి రత్నం. రోజూ పీట వేసుకుని తొట్టి పక్కన కూర్చుంటుంది. చేపల పోలమ్మకెన్ని బార్లు, బోటు వాళ్ళకెన్ని, ఈ రోజు ఎవరి తట్ట ముందు... అడుగుతూనే ఉంటుంది. చలికి నాలుక తడబడితే చాలు, లెగు లెగు అని చొక్కా విసురుతుంది. పరీక్షకి కూర్చున్నట్టుంటుంది బావా. కానీ రెండు నెలలుగా మళ్ళీ మెల్లగా అన్నం సహిస్తోంది.

ఇవాళ పొద్దున్న అలాగే అడుగుతోంది. పోలమ్మకెన్ని, రెండు. రమణకెన్ని, ఒకటి. అదే గొంతుతో, అదే వేగంతో... ఆ రోజు నిజంగా ఉప్పేనా?

నేను జవాబు చెప్పలేదు. నాలుక బాగానే ఉంది.

ఆవిడ పీట తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. అప్పట్నుంచి వంటింట్లో గిన్నె చప్పుడు లేదు. అందుకే నీకు రాస్తున్నాను. నీకు చెప్పకుండా ఎవరికి చెప్పను? ఆ రోజు కాళ్ళు మొద్దుబారక ముందే లేవగలిగేవాణ్ణి బావా. లేవాలనిపించలేదు. దడ తగ్గింది, దిగులు తగ్గింది, నువ్వు దగ్గర్లోనే ఉన్నట్టనిపించింది. ఇక చాలు అనుకున్నాను. అంతే. ఉప్పు ఆ తరువాతి మాట.

నువ్వే కదా అన్నావు, మా తమ్ముడితో గొడవ నేను నీ దగ్గర దాచినప్పుడు... "కడుపులో మాట ఎంత ఐసేసి దాసినా కుళ్ళిపోద్ది బావా. నువ్వు ఐసోడివి, నీకు నాను సెప్పాలేటి?"

ఉండు. ఇక్కడ ఆపి లోపలికి వెళ్ళొస్తాను.

...

వెళ్ళొచ్చాను. చెప్పాను, మొత్తం.

రత్నం ఏడవలేదు. వీపు మీద రెండు దెబ్బలు వేసింది, గట్టివే. నాకు తెలుసు అంది. లేవాలనుకునే మడిసి తొట్టి అంచట్టుకుంటాడు, నీ సేతులు రెండూ నీళ్ళలోనే ఉన్నాయి, నాను సూడలేదనుకున్నావేటి అంది. అయినా రెండు నెలలు నన్ను అడగలేదు. నా నోటితో నేనే చెప్పాలని... తను ఎన్ని పొద్దులు అలా పీట మీద కూర్చుందో ఆలోచిస్తే నాకు భయమేస్తోంది బావా. నా గురించి కాదు, ఆవిడ గురించి.

ఇప్పుడే షట్టరు దించేసింది. పోలమ్మ బయట అరుస్తోంది, ఐసు లేదు పో అని రత్నం ఇంకా గట్టిగా అరుస్తోంది. డాక్టరమ్మ దగ్గరికి వెళ్తున్నాం. అక్కడా ఇదే చెప్పాలి, ఉప్పు లేకుండా. నేను ఆగిపోతే తను చెప్తానంది. ఆగను.

సంచి భుజానికేసుకుని నిలబడింది, ఆటో వచ్చింది. ఇక ఉంటాను.

ఒక్క మాట అడగనా? ఆ రోజు తొట్టిలో దీనికి జవాబు నేనే తేల్చేయబోయాను. అది నా పని కాదు. అందుకే ఇప్పుడు తీరిగ్గా నిన్నే అడుగుతున్నాను... మనం ఎప్పుడు కలుద్దాం బావా? ఎంత లేటైనా పర్లేదు.

నీ సూరి