చల్లపల్లి చుక్క

చల్లపల్లి
3 జూన్ 1996

విజయవాడ ఆటోనగర్ మెకానిక్ షేక్ సైదావలి గారికి రామకోటేశ్వరరావు నమస్కారాలు.

ఉత్తరం మొదట్లో "మేము క్షేమం" అని రాయటం అలవాటు. ఇప్పుడిక్కడ మేము లేము, నేనొక్కణ్ణే. క్షేమమే.

మా ఆవిడ పద్మావతి పోయి నాలుగు నెలలయింది. ఆవిడ నడిపిన డీజిలు అంబాసిడర్ అప్పటినుంచీ రేకుల షెడ్డులోనే ఉంది. నాకు డ్రైవింగ్ రాదని మీకు తెలుసు. పంతొమ్మిదేళ్ళు ఎడమ సీట్లో గొడుగు పట్టుకుని కూర్చున్నవాణ్ణి. "ఇంకెందుకండీ ఆ బండి, ఎలుకలు కాపురం పెట్టటానికా?" అని తలా ఒకరూ అంటుంటే, కాఫీ హోటల్లో నలుగురి ముందు బాబీ అనే కుర్రాడికి అమ్ముతానని మాటిచ్చేశాను. గన్నవరం ఎయిర్‌పోర్టుకు టాక్సీ తిప్పుతాడట. కింద నూనె మరక మాత్రం ఉండకూడదన్నాడు. మరక పోయిన రోజున తాళాలిస్తానన్నాను. ముప్ఫై ఏళ్ళు రిజిస్ట్రేషన్ ఆఫీసులో పనిచేసి ఇచ్చిన మాట తప్పలేను గదా.

మరక అరచేయంత ఉంది. ఏం చేయాలో తెలియజేయగలరు.

ఇట్లు
రామకోటేశ్వరరావు

తా.క.: బానెట్ ఎలా తెరవాలో కూడా రాయండి.


ఆటోనగర్
8 జూన్

రావుగారికి సైదావలి సలాములు.

అమ్మగారి సంగతి నాకు తెలియనే తెలియదు. మీ ఉత్తరం సగంలో ఆపేస్తే మిగతాది మా ఇంటావిడ గుల్షన్ చదివి వినిపించింది. ఈ ఆటోనగర్‌కి సొంతంగా బండి తోలుకొచ్చి, "సైదావలీ, క్లచ్చి జారుతోంది చూడు" అని చెప్పిన ఆడమనిషి ఆవిడొక్కరే.

ఇక నూనె సంగతి. అది కింద కనపడుతుంది గానీ పుట్టేది పైనెక్కడో. ఇంజనంతా కిరసనాయిలు గుడ్డతో తుడిచి ఆరనివ్వండి. మొహానికి రాసుకునే పౌడరు దానిమీద పల్చగా చల్లండి. గేరు న్యూట్రల్‌లో ఉందో లేదో చూసుకుని స్టార్టు చేసి, పది నిమిషాలు అలాగే ఉంచండి. పౌడరు ముందుగా ఎక్కడ తడిస్తే దొంగ అక్కడున్నట్టు.

మీ
సైదావలి

తా.క.: బానెట్ తెరవాలంటే డ్రైవరు వైపు కూర్చోవాలి. ఎడమ సీట్లోంచి చెయ్యి అందదు.


చల్లపల్లి
15 జూన్

సైదావలి గారికి నమస్కారాలు.

దొంగ దొరికాడు. ఇంజను నెత్తిన రేకు మూత ఉంది చూశారా, దాని అంచున తడిసింది. పౌడరు కొనలేదు. ఇంట్లో ఆవిడ డబ్బా ఉంటే అదే చల్లాను. మీరు పది నిమిషాలన్నారు. నేను చూసుకునేసరికి ముప్పావుగంట అయింది.

ఇట్లు
రామకోటేశ్వరరావు

తా.క.: ఇంజను చప్పుడు విని, నేను ఊరెళ్తున్నాననుకుని పక్కింటి తెరేసమ్మగారు బందరులో కూతురికి ఇమ్మని గోంగూర పచ్చడి తెచ్చిచ్చారు. లేదని చెబితే చిన్నబుచ్చుకుంటారని పుచ్చుకున్నాను. నేనే తింటున్నాను.


ఆటోనగర్
19 జూన్

రావుగారికి సలాములు.

అది ట్యాపెట్ కవరు. లోపలి ప్యాకింగ్ అరిగింది, అంతే. కొత్తది పార్సిల్ చేశాను. పాతది గీకి పారేసి ఇది పెట్టి, పైన రెండు నట్లు బిగించండి. పచ్చడి జాడీ మూతకు ఎంత బలం పెడతామో అంతే చాలు. సైదావలి ప్యాకింగ్ వేస్తే చుక్క జారదని ఆటోనగర్‌లో చిన్నపిల్లలు కూడా చెబుతారు. మరక పోయిందని ఒక్క ముక్క రాయండి.

మీ
సైదావలి

తా.క.: ఇక పౌడరు చల్లక్కర్లేదు.


చల్లపల్లి
27 జూన్

సైదావలి గారికి నమస్కారాలు.

ప్యాకింగ్ వేశాను. నట్లు మీరు చెప్పినంతే బిగించాను. షెడ్డులో మరక మాత్రం అలాగే ఉంది. రాయటానికి నాకే బాధగా ఉంది.

ఇట్లు
రామకోటేశ్వరరావు

తా.క.: పౌడరు మరో మూడుసార్లు చల్లాను. నిర్ధారణ కోసం.


ఆటోనగర్
1 జూలై

రావుగారికి,

ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది గానీ, ఆడలేనిది మీరో నేనో తేలటం లేదు. రెండో ప్యాకింగ్ పంపుతున్నాను. ఇది నా చేత్తో కోసింది. దీనికీ ఆగకపోతే అడగండి.

సైదావలి

తా.క.: నిర్ధారణకు ఒక్కసారి చాలు. ఇంజనుకేమన్నా పెళ్ళిచూపులా?


చల్లపల్లి
5 జూలై

సైదావలి గారికి నమస్కారాలు.

రెండోదీ వేశాను. మరక ఉంది. పెరగలేదు, తగ్గలేదు.

ఇట్లు
రామకోటేశ్వరరావు

తా.క.: తెరేసమ్మగారు ఈసారి దోసావకాయ ఇచ్చారు.


ఆటోనగర్
9 జూలై

రావుగారూ,

నిన్న మీ బాబీ నా షెడ్డుకొచ్చాడు. "ఏం మేస్త్రీ, రెండు ప్యాకింగులకీ ఆగలేదంటగా?" అని పదిమందిలో అడిగాడు. అప్పటినుంచీ నేను టీ తాగటానికి వెళ్ళినా "చల్లపల్లి చుక్క ఆగిందా?" అంటున్నారు. నాకు పొలాల్లేవు, మేడల్లేవు. ఉన్నది ఈ పేరొక్కటే.

వచ్చే ఆదివారం సామాను తీసుకుని నేనే వస్తున్నాను. ఇంజను దింపి చూస్తాను. పది గంటలకు బాబీని కూడా రమ్మన్నాను. వాడి కళ్ళముందే తేలాలి.

సైదావలి

తా.క.: మీ మీద కోపం లేదు. ఉంది గానీ రాయటం లేదు.


చల్లపల్లి
14 జూలై, ఆదివారం

సైదావలి గారికి,

మీకు మొహం చూపించలేక తెల్లవారుజాము బస్సుకు బందరు పోతున్నాను. అక్కడ నాకు పనేం లేదు.

కారటం మీ మొదటి ప్యాకింగ్‌తోనే ఆగింది. మరక అలాగే ఉందని రాశాను. నిజమే, అది పాత మరక. కడగలేదు. ఒక్క అబద్ధమూ రాయకుండా మిమ్మల్ని మోసం చేశాను. ముప్ఫై ఏళ్ళ ఆఫీసు అనుభవం.

ఆవిడ రోజూ పొద్దున ఆ పౌడరు రాసుకుని బండి స్టార్టు చేసేది. ఇంజను వేడెక్కి పౌడరు వాసన వస్తే, నేను ఎడమ సీట్లో గొడుగు పట్టుకుని కూర్చుంటాను. ఆ ముప్పావుగంటా ఇల్లు ఖాళీగా ఉన్నట్టుండదు. మిగతా రోజంతా ఉంటుంది. నాకు చాలా ఒంటరిగా ఉందండీ. ఈ మాట ఎవరితోనూ అనలేదు.

మీ పేరు పోతుందని నాకు తట్టలేదు. తాళాలు ఈ కవర్లోనే ఉన్నాయి. బాబీకి నిజం చెప్పి ఇచ్చేయండి. నా చేత్తో ఇవ్వలేను.

రామకోటేశ్వరరావు

తా.క.: దోసావకాయ వంటింట్లో ఉంది. అన్నం వండి పెట్టాను. తినకుండా వెళ్ళకండి.


చల్లపల్లి, మీ షెడ్డు
అదే రోజు, మధ్యాహ్నం

రావుగారికి సైదావలి సలాములు.

బాబీ కంటే ముందే వచ్చాను. ఇంజను చూశాను. చుక్క లేదు. నా ప్యాకింగ్ అంత ముద్దుగా కూర్చున్న బండి నేనే ఎప్పుడూ చూడలేదు. లారీ పెట్టి ఆటోనగర్ మొత్తాన్ని తీసుకొచ్చి చూపించాలనిపించింది. తరవాత ఎడమ సీట్లో మీరు పెట్టిపోయిన ఉత్తరం చదివాను.

పది గంటలకు బాబీ వచ్చి "తేలిందా మేస్త్రీ?" అన్నాడు.

"తేలింది బాబూ. లోపల బ్లాకు చిట్లింది. ఇది బతికున్నన్నాళ్ళూ కారుతుంది. నా వల్ల కాలేదు" అన్నాను.

ఆ ఆఖరి మాట నా నోట రావటం ఇదే మొదలు. రేపు పొద్దుటికి ఆటోనగర్‌లో అందరికీ తెలుస్తుంది. తెలియనీండి. పోయిన పేరు మళ్ళీ సంపాదించుకోటానికి అక్కడ బళ్ళు బోలెడు ఉన్నాయి. అమ్మగారి బండి ఇదొక్కటే.

మరక పోలేదు కాబట్టి మీరు మాట తప్పినట్టూ కాదు. తాళాలు తెరేసమ్మగారి దగ్గర పెట్టాను. అన్నం తిన్నాను.

మీ
సైదావలి

తా.క.: మీ పాత మరక బాగా ఎండిపోయింది, బాబీ ఏమీ గుడ్డివాడు కాదు. అందుకని వాడు వచ్చేలోపు కింద అర లీటరు నల్లనూనె పోశాను. మిగతాది డబ్బాలో వదిలి వెళ్తున్నాను. వాడు ఇంకో నెల్లాళ్ళు తొంగిచూస్తాడు, వారానికో గ్లాసు మీరే పోసుకోండి.