ఇరవై ఒకటో గుడ్డు

చినలంక, కొల్లేరు
5-2-1955

ఏలూరు పంతులమ్మ మార్తమ్మగారికి,

సోమరాజు దణ్ణాలండి. ఇక్కడ నేనూ, మా ఇంటిదీ, నూట ముప్పై బాతులూ క్షేమం. అక్కడ మీరూ, మీ పిల్లీ, మీ ఇంట్లో దింపొచ్చిన మా మనవరాలు కుమారీ కూడా క్షేమమే అనుకుంటన్నాను.

నేను చదివింది రెండో తరగతి. అదీ పడవ దొరక్క సగంలో మానేశాను. తప్పులుంటే ఎర్ర సిరాతో దిద్దకండి, సిరా దండగ.

ఆ రోజు పిల్ల ముందు ఎందుకులే అని సంగతంతా చెప్పలేదు. దానికి ఆరో ఏడు నడుస్తంది. ఇంతవరకూ ఒక్క మాట లేదు. పిలిస్తే పలకదు, మొహంలోకి చూడదు. డాక్టరుగారు చెవులు బాగానే ఉన్నాయన్నారు. ఇలాంటి పిల్లలకి ఎలా నేర్పాలో మీరు మద్రాసులో చదువుకున్నారని చెప్పిందీ ఆయనే. మా అన్న వెంకట్రాజు మాత్రం "మూగదానికి చదువేంట్రా, డబ్బు కొల్లేట్లో పారేసుకో" అన్నాడు. ఆయనకి నోరుంది కదండీ, అరవై ఏళ్ళుగా వింటన్నాం, ఏం లాభం?

మీ ఫీజు నెలకి పదిహేను. పది రూపాయలు రొక్కం. మిగతా అయిదుకీ బాతుగుడ్లు, అణాకో గుడ్డు లెక్కన. శనివారానికి ఇరవై, అంటే అయిదు పుంజీలు, పెదపాడు బస్సు కండక్టరు ప్రసాదరావు చేత పంపుతాను. రొక్కం కోసం నా చెవిపోగులు అమ్మేశాను. తొమ్మిది నెలలకి సరిపోద్ది. చెవులు తేలికయ్యేసరికి మా ఇంటిది తిట్టేవన్నీ ఇంకా బాగా వినపడతన్నాయి.

పిల్ల తల్లి, మా కోడలు, బాలింత. మూడు నెలలు పోయాక తనొచ్చి పిల్ల దగ్గరుంటది.

ఇట్లు,
సోమరాజు (వేలిముద్ర కాదండోయ్, సంతకమే)

తా.క. పిల్ల మంచం కింద దూరితే లాగకండి. ఆకలేస్తే తనే వస్తది. నేనూ అంతే.

*

ఏలూరు
14-2-1955

సోమరాజుగారికి నమస్కారాలు.

మీ పది రూపాయలూ అందాయి. గుడ్లు కూడా రెండు వారాలూ సరిగ్గా ఇరవై చొప్పున వచ్చాయి, చాలా సంతోషం.

కుమారి రోజులో సగం మంచం కిందే ఉంటోంది. నేను లాగడం లేదు. నేనూ కింద కూర్చుని గులకరాళ్ళతో ఆడుతున్నాను. మీ బుట్ట వచ్చినప్పుడు మాత్రం తనే బయటికి వస్తుంది. నిన్న మొదటిసారి నా చేతిలో ఒక గులకరాయి పెట్టింది. మీకిది చిన్న విషయంగా కనిపించవచ్చు. నాకు రాత్రి అన్నం సహించలేదు, సంతోషంతో.

ఇట్లు,
మార్తమ్మ

తా.క. ఎర్ర సిరా వాడలేదు. వాడాల్సి వస్తే సీసా చాలదు.

*

చినలంక
19-2-1955

పంతులమ్మగారికి,

దణ్ణాలు. బాతులు క్షేమం. నేను క్షేమంగా లేను, కోపంగా ఉన్నాను.

ముందు గులకరాయి సంగతి. పదిహేను రూపాయలకి ఒక రాయాండీ! మా లంకలో బురదే గాని రాళ్ళుండవు, అందుకే అంత ఖరీదు పలికింది కాబోలు. అయినా ఆ రాయి పారేయకండి. మా ఇంటిది చూస్తానంటంది.

ఇప్పుడు కోపం సంగతి. ఇరవై ఏంటండీ? నేను పంపింది ఇరవై ఒకటి! ఇరవై మీకు, ఒకటి కొసరు. కొసరెయ్యకుండా గుడ్డమ్మిన వాళ్ళు మా వంశంలో లేరు. రెండు వారాల్లో రెండు గుడ్లు ఎగిరిపోయాయంటే వాటికి రెక్కలొచ్చాయా?

నిన్న బస్సెక్కి నలుగురిలో అడిగాను. "ప్రసాదరావూ, ఈ మధ్య నీ బుగ్గలు నిండాయేంటయ్యా, బాతుగుడ్లు పడ్డట్టున్నాయి" అన్నాను. బస్సంతా నవ్వింది. అతను బెల్లు కొట్టి నన్ను చేల మధ్యలో దింపేశాడు. రెండు మైళ్ళు నడిచాను. దారంతా నాకూ నవ్వే.

ఇట్లు,
నడిచొచ్చిన సోమరాజు

తా.క. ఈ ఉత్తరం తెచ్చేది కూడా అతనే. చదివేసుంటాడు. ప్రసాదరావూ, బాగున్నావా?

*

ఏలూరు
28-2-1955

సోమరాజుగారికి నమస్కారాలు.

ప్రసాదరావు చాలా నొచ్చుకున్నాడు. రెండు శనివారాలుగా నా గుమ్మంలో కూర్చుని, "అమ్మగారూ, వినండి, ఒకటి, రెండు..." అంటూ ఇరవై ఒకటీ గట్టిగా లెక్కపెట్టి, నా చేత సంతకం పెట్టించుకుని వెళుతున్నాడు. బుట్ట వరండాలో పెట్టి, పాలు దింపి వచ్చేసరికి మళ్ళీ ఇరవయ్యే! కాబట్టి దొంగ నా ఇంట్లోనే ఉంది. మా పిల్లి రాణి మూతి నాక్కుంటూ కనిపించింది. దానికి పాలు తగ్గించాను.

ఇక రాయడానికి మనసొప్పని విషయం. కుమారి నాలుగు రాళ్ళు పేరుస్తుంది. అయిదోది ఇస్తే తీసి ఒళ్ళో వేసుకుంటుంది. పదిహేను రోజులుగా చూపిస్తున్నాను, నాలుగు దాటడం లేదు. మాటా రాలేదు. నాకు చేతనైంది ఇంతేనేమో. చెవిపోగులు అమ్మిన డబ్బు తీసుకుని గులకరాళ్ళ కబుర్లు రాయడానికి నాకు సిగ్గుగా ఉంది. మీరు మార్చికి పంపిన పది రూపాయలూ మనియార్డరు చేస్తున్నాను. వీలు చూసుకుని వచ్చి పాపను తీసుకెళ్ళండి.

ఇట్లు,
మార్తమ్మ

తా.క. ఆ గులకరాయి మాత్రం నా దగ్గరే ఉంచుకుంటాను. ఏమీ అనుకోకండి.

*

చినలంక
5-3-1955

పంతులమ్మగారికి,

దణ్ణాలండి. మీ మనియార్డరు పోస్టుమేను చేతిలోంచే వెనక్కి తిప్పేశాను. ఆ పక్కనే వెంకట్రాజు నిలబడి ఉన్నాడు. "చూశావా, పంతులమ్మే డబ్బు తిరిగిచ్చేసింది" అన్నాడు. "ఎక్కువిచ్చాను, అందుకని" అన్నాను. ఈ ముసలోడు అబద్ధం ఎన్నాళ్ళు మోస్తాడండీ? నేనోడిపోతే ఫరవాలేదు, జన్మంతా ఓడిపోతానే ఉన్నాను, అలవాటే. పిల్ల ఓడిపోకూడదు. ఇంకొక్క నెల చూడండి.

అది నాలుగు దాటదంటే నేను నమ్మనండి. ఇక్కడ రోజూ పొద్దున్నే నేను గుడ్లు లెక్కపెడతంటే పక్కనే కూర్చునేది. నాలుగేసి గుడ్లు కలిపి ఒక పుంజీ, మాకు అదే లెక్క. పుంజీకి చాలకుండా చివర్లో మిగిలిన గుడ్డు దానిది. ఎన్ని మిగిలితే అన్ని. మా ఇంటిది ఉడకబెట్టి పెట్టేది. ఆ లెక్క పూర్తయ్యేదాకా నన్ను లేవనిచ్చేది కాదు. ఒకరోజు లేవబోతే నా పంచె పట్టుకుని లాగి కూర్చోబెట్టింది. అంత శ్రద్ధ గల పిల్లండి.

ఈ వారమూ ఇరవై ఒకటే పంపాను. ఒట్టు పెట్టను గాని, నమ్మండి.

ఇట్లు,
సోమరాజు

తా.క. పెంకు ముక్క కూడా మిగల్చకుండా గుడ్డు తినే పిల్లి అయితే మీ రాణిని నాకు అమ్మెయ్యండి. సర్కస్‌లో పెట్టి, మీ ఫీజంతా రొక్కంగానే కడతాను.

*

ఏలూరు
7-3-1955

సోమరాజుగారికి,

ఈసారి నమస్కారం కాదు, క్షమాపణ. మీకు, కుమారికి, ప్రసాదరావుకి, మా రాణికి.

శనివారం ప్రసాదరావు ఎప్పటిలాగే లెక్కపెట్టాడు. ఇరవయ్యే వచ్చాయి. "పెద్దాయన ఇచ్చిందే ఇంతండీ!" అని మొత్తుకున్నాడు. మీ ఉత్తరంలో ఇరవై ఒకటని ఉంది. మేమిద్దరం గుమ్మంలో వాదించుకుంటుంటే కుమారి వచ్చి వరండాలో గుడ్లు పేర్చడం మొదలుపెట్టింది. నాలుగు, నాలుగు, నాలుగు. అయిదు వరసలు. తర్వాత బుట్టలో చెయ్యి పెట్టి వెతికింది. గడ్డి తీసేసింది. బుట్ట బోర్లించి దులిపింది. లేచి వచ్చి, నా చెయ్యి పట్టుకుని బుట్ట దగ్గరికి లాక్కెళ్ళింది. నా మొహంలోకి సూటిగా చూసింది.

"ఏదీ?" అంది.

సోమరాజుగారూ, ఆ మాట నేనూ విన్నాను, కండక్టరూ విన్నాడు. బస్సు హారన్ కొడుతున్నా అతను కదలలేదు. మళ్ళీ "ఏదీ?" అంది, ఈసారి కోపంగా. అచ్చం మీలా.

అప్పుడు మీ ఉత్తరం మళ్ళీ చదివాను. నేను మద్రాసు హాస్టల్లో డజన్ల లెక్కతో పెరిగినదాన్ని. మొదటి ఉత్తరంలోనే మీరు పుంజీలని రాస్తే పట్టించుకోలేదు. పరుగెత్తి మంచం జరిపాను. నా పాత శాలువాలో నాలుగు గుడ్లు ఉన్నాయి, వారానికొకటి. ఉడకబెట్టి ఇస్తారని ఎదురుచూసినట్టుంది. ఒకటి పగిలింది. ఆ వాసనకి పక్కింటివాళ్ళు కూడా వచ్చారు.

తర్వాత ఇరవై మూడు రాళ్ళు ఇచ్చాను. అయిదు పుంజీలు పేర్చి, మూడు ఒళ్ళో వేసుకుంది. ఆరేళ్ళు నిండని పిల్ల భాగహారం చేస్తోందండీ! నాలుగు దాటలేకపోయింది నేను.

డబ్బు తిప్పి పంపను. పాపనూ పంపను.

ఇట్లు,
మార్తమ్మ

తా.క. ఇంతకీ మీరు ఆ రోజు పంపింది ఎన్ని? ప్రసాదరావు అడగమంటున్నాడు.

*

చినలంక
12-3-1955

మా కుమారిని చదివిస్తన్న పంతులమ్మగారికి,

కోటి దణ్ణాలు. ఇక్కడ బాతులతో సహా అందరం గాల్లో ఉన్నాం.

మీ ఉత్తరం పడవలో నిలబడి గట్టిగా చదివాను. పడవ ఊగిపోయింది, నేనాపలేదు. వెంకట్రాజుకి మూడుసార్లు చదివాను, చెవులు సరిగా వినపడవు కదా అని. మూడోసారికి కళ్ళు తుడుచుకుని, "భాగహారం అంటే ఏంట్రా?" అన్నాడు. "నీకు రానిది" అన్నాను. మా ఇంటిది రోజంతా "ఏదీ? ఏదీ?" అనుకుంటా తిరుగుతంది. కోడలు ఏడుస్తా నవ్వుతంది. పోగులు లేని చెవులు చూసి ఎవరన్నా అడిగితే, ఇప్పుడు నేనే తలతిప్పి రెండోది కూడా చూపిస్తన్నాను.

ఇక దొంగ సంగతి. దొంగ దొరికాడండి. వయసు అరవై నాలుగు. ఆ వారం నేను పంపింది ఇరవయ్యే. ఆ ఇరవై ఒకటో గుడ్డు ఉడకబెట్టుకుని, ఉప్పద్దుకుని నేనే తిన్నాను. చేల మధ్యలో దింపినందుకు ప్రసాదరావుని ఇరికిద్దామని అలా రాశాను. మా మనవరాలి మొదటి మాట వాళ్ళ తాత దొంగతనం మీద ఫిర్యాదు! నిన్న బస్సులో అందరి ముందూ ప్రసాదరావుకి దణ్ణం పెట్టి ఒప్పుకున్నాను. అతను నవ్వి, టిక్కెట్టు తీసుకోకుండా ఏలూరుదాకా తీసుకెళతానన్నాడు. వచ్చే శనివారం నేనూ వస్తన్నాను.

ఇట్లు,
దొరికిపోయిన దొంగ,
కుమారి తాత సోమరాజు

తా.క. ఈ వారం ఇరవై రెండు పంపాను, ఈసారి ఒట్టు. రెండు మిగులుతాయి. ఉడకబెట్టి దాని ముందే పెట్టండి. ఒకటి అది తింటది. రెండోది ప్రసాదరావుకిస్తదని కోడలు పందెం కాసింది, పిల్లికని మా ఇంటిది. నేనెవరి మీద కాశానో చెప్పక్కర్లేదు. ఆ గులకరాయి ఎవరి చేతిలో పెట్టిందండీ?