లక్ష్మివారం ఆగే పెట్టె

నవంబర్ 18, మంగళవారం

మళ్ళీ ఒకటి మూగబోయింది. ఈసారి నీలయ్యపేట. పొద్దున్నే బావ ఫోన్. "లైటు ఎలుగుతున్నాదట. మైకు మాత్రం పలకట్లేదట. ఏటే పద్మా, ఇది కూడా మొదలెట్టీసిందా?"

మూగబోకుండా రెండేళ్ళు నడిచింది అదొక్కటే. మిగతా పదకొండు తీరం ఊళ్ళలో మా పెట్టెలు రెండు మూడు వారాలకోసారి నోరు మూసుకుంటాయి. ఎవరో స్విచ్ ఆపి మళ్ళీ వేస్తారు, అవి మాట్లాడతాయి. చేపల వేలంపాట జరిగే షెడ్డు పక్క స్తంభానికి కట్టిన చిన్న కంప్యూటరు, దాని మీద గొట్టం మైకు... ఇంతే పెట్టె అంటే. గాలివాన హెచ్చరిక వస్తే పైకి చదవాలి. వేరే పనేమీ లేదు దానికి.

నిన్న సాయంత్రం హెచ్చరిక వెళ్ళింది. నీలయ్యపేటలో చదవలేదు. తెల్లారగట్ల రెండు బోట్లు వేటకి వెళ్ళాయి. తిరిగొచ్చాయా అని అడిగాను.

"ఒకటొచ్చింది" అన్నాడు బావ.

నవంబర్ 19, బుధవారం

రెండోదీ వచ్చింది. ఒడ్డు దగ్గర అలల్లో బోల్తా పడింది. వలలు పోయాయి. ఎర్రయ్య అనే మనిషికి కాలు విరిగింది, శ్రీకాకుళం ఆసుపత్రిలో ఉన్నాడు. నలుగురూ బతికే ఉన్నారు. ఈ మాట రెండుసార్లు రాసి ఒకటి కొట్టేశాను.

ఎర్రయ్య అప్పలనరసమ్మకి మరిది. ఆవిడ రెండేళ్ళు ఆ పెట్టెని చూసుకుంది. ఆవిడని పనిలోంచి తీయించింది నేను.

నవంబర్ 20, లక్ష్మివారం

అక్టోబరులో రాసిన రిపోర్టు తీసి చదివాను. నాదే. "నీలయ్యపేట నిర్వాహకురాలు అప్పలనరసమ్మ ప్రతి గురువారం ఉదయం పెట్టెను అరగంట ఆపుతున్నారు. ఇది నిబంధనలకు విరుద్ధం. మార్చవలసిందిగా సూచన." రికార్డుల్లో వారం వారం ఖాళీ కనబడింది, రాసేశాను. ఎందుకు ఆపుతోందని అడగాలని కూడా తోచలేదు. మాకు ఈ పని అప్పగించిన పై ఆఫీసు వాళ్ళు అక్టోబరు చివర్లో ఆవిడ దగ్గర తాళంచెవి తీసుకుని, స్విచ్ మీద సీలు వేశారు.

ఇప్పుడు ఊళ్ళో మాట — పని పీకేశారన్న కసితో ఆవిడే పెట్టెని పాడుచేసిందని. సొంత మరిది బోటు మునిగినా అదే మాట!

బావ మాత్రం తేలికపడ్డాడు. అక్క మొగుడు, నా యజమాని కూడా; ఏది ముందో ఆయనకే తెలియదు. "మన మీదకి రాలేదు గదే. ఊరుకో, అదే సల్లారతాది" అన్నాడు. ఛీ అనిపించింది. అన్నాను కూడా, ఫోన్ పెట్టేశాక.

నవంబర్ 21, శుక్రవారం

పెట్టె నా బల్ల మీద ఉంది. ఆపకుండా తెమ్మన్నాను. బావ బ్యాటరీ తగిలించి, ఆటోలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. "సంటిపిల్లని తెచ్చినట్టు తెచ్చాను, ఇంక నీ ఇష్టం." నాలుగు మూలలా పసుపు, కుంకుమ బొట్లు. కొన్ని పాతవి, వాటి మీద కొత్తవి.

ఆకుపచ్చ లైటు వెలుగుతూనే ఉంది.

లోపల చూశాను. ఒకటో నంబరు ప్రోగ్రాం నిక్షేపంగా ఉంది. కరెంటు రాగానే ముందు లేచేది అదే. మిగతావాటిని లేపేది, పడిపోయినదాన్ని మళ్ళీ లేపేది అదే. అది మాత్రం పడకూడదు. కంప్యూటరుని నడిపే లైనక్స్ తో వచ్చేది బరువని నాలుగేళ్ళ క్రితం నేనే సొంతంగా రాశాను. చిన్నదని ఎంత మురిసిపోయానో... పడలేదు. కానీ చేతిలో వెయ్యిన్ని ఇరవై నాలుగు పైపులు, అంటే ఒక ప్రోగ్రాం మాట ఇంకొకటి వినే దారులు, పట్టుకుని కూర్చుంది. అంతకు మించి పట్టుకోనివ్వదు లైనక్స్. దాదాపు అన్నీ అవతలి కొస లేని పైపులే, దేనికీ పనికిరావు. ఇంకొకటి తెరవడానికి చోటు లేదు కాబట్టి చదివే ప్రోగ్రాంని లేపలేకపోయింది. లైటు వెలిగించేది కూడా ఇదే. అందుకే బయటికి అంతా బాగున్నట్టే కనిపించింది.

నవంబర్ 22, శనివారం

దొరికింది.

ఒక ప్రోగ్రాంని లేపేముందు పైపు తెరుస్తాను, అది చెప్పేది వినడానికి. పని ముగించుకుని పోతే పైపు మూస్తాను. లేచిన సెకనులోనే పడిపోతే... మూయను. ఆ దారిలో మూసే లైను లేదు. మరిచిపోయాను, అంతే. ఇక్కడ నా బల్ల దగ్గర నెట్ ఎప్పుడూ బాగుంటుంది, ఏదీ సెకనులో పడదు. అక్కడ తీరంలో సిగ్నల్ లేని ప్రతిసారీ హెచ్చరిక తెచ్చే ప్రోగ్రాం లేస్తూనే పడుతుంది. రోజుకి అరవైసార్లు. పడ్డ ప్రతిసారీ ఒక పైపు.

సరిచూసుకుందామని సెకనుకోసారి కావాలని పడేశాను. టీ తాగి, గ్లాసు కడిగి, మినప్పప్పు నానబోసి వచ్చేసరికి పెట్టె మూగబోయింది. పదిహేడు నిమిషాలు. ఊళ్ళో అయితే పదిహేడు రోజులు.

వేళ్ళ మీద లెక్కపెట్టాను. అప్పలనరసమ్మ ఆఖరిసారి ఆపింది అక్టోబరు 30న. పదిహేడు రోజులంటే నవంబరు 16. హెచ్చరిక వచ్చింది 17న. వారం వారం ఆవిడ ఆపినన్నాళ్ళూ అన్నీ మూసుకుని మళ్ళీ మొదటికొచ్చేది. ఐదు వందలు దాటనే లేదు ఎప్పుడూ. నా తప్పుని రెండేళ్ళు ఆవిడ మోసింది, మోస్తున్నట్టు తెలియకుండానే. నేను ఆవిడని తీయించాను.

భోజనం చేయలేదు.

దిద్దడానికి రెండు లైన్లు పట్టాయి.

నవంబర్ 23, ఆదివారం

పొద్దున్న పదకొండు పైపులు, మామూలుగా ఉండాల్సినన్నే. మధ్యాహ్నం పదకొండు. వెయ్యిసార్లు పడేశాను, పదకొండే.

సాయంత్రం ఐదింటికి పన్నెండు. దరిద్రం!

నవంబర్ 24, సోమవారం

ఇది వేరే. సెట్టింగులు మార్చి మళ్ళీ చదవమన్నప్పుడు కొత్త టైమర్ తెరుస్తుంది, పాతదాన్ని వదలదు; అదీ ఒక పైపు లెక్కే. నెలకి ఒకటో రెండో. నిండడానికి ఏళ్ళు పడుతుంది.

"ఏళ్ళు పడతాదంటే ఒగ్గీ" అన్నాడు బావ.

ఒగ్గలేదు. ప్రోగ్రాం మొత్తం అచ్చు తీసి, తెరిచిన ప్రతిచోటా పెన్సిల్ తో గీత పెట్టి, మూసేది ఎక్కడుందో వెతికాను. పద్నాలుగు చోట్ల తెరుస్తున్నాను. పడిపోయే దారులన్నీ చూస్తే మూయనిది ఇంకొకటి కూడా దొరికింది. పనంతా సవ్యంగా జరిగే దారి ఒక్కటే నేను శ్రద్ధగా రాసింది.

నవంబర్ 25, మంగళవారం

పదకొండు.

పై ఆఫీసుకి ఏం రాయాలన్న దాని మీద గొడవ. పక్క జిల్లాలో నలభై ఊళ్ళకి పెట్టెలు పెట్టే పని మనకే వస్తుందని బావ ఆశ. "చిన్న మార్పులు చేసినాం, పనితీరు మెరుగుపడ్డాది — అని రాసీ. అబద్ధం కాదు గదా."

"అప్పలనరసమ్మ గురించి రాసినప్పుడు చిన్న మార్పులు అని రాయలేదు కదా బావా. పేరు పెట్టి రాశాం."

"రాసింది నువ్వు."

నిజమే. ఆయన ఇడ్లీ ముగించి చేయి కడుక్కుని వచ్చి, కొంచెం మెత్తగా — "నీ ఇష్టమొచ్చినట్టు సెయ్. ఆ ఊరికి మాత్రం ఎల్లకు" అన్నాడు.

నవంబర్ 26, బుధవారం

వెళ్ళాను. ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి బస్సు, అక్కడ దిగి ఆటో. పెట్టె ఒళ్ళో. ఆటోలో ఎవరూ ఏమీ అడగలేదు.

అప్పలనరసమ్మ ఇంటి ముందు చేపలు ఆరబెడుతోంది. నేను అనుకున్నదానికంటే చిన్న మనిషి. పెట్టెని చూసి లేచింది, నన్ను చూసి కాదు.

"ఎందుకు ఆపేవారు?" అని ఇప్పుడు అడిగాను.

"లచ్చివారం గదా పాపా. ఇల్లూ వాకిలీ కడుక్కుంటాం, దాన్ని మాత్రం అలగొగ్గీమంటావేటి? మన మగోళ్ళ పేణాలు దాని నోట్లో ఉన్నాయి. తడిగుడ్డతో తుడిసి, బొట్టెట్టి, ఆరినాక ఏసేదాన్ని. తడిమీద కరెంటేస్తే కాలిపోదేటి?"

చెప్పాను. పైపులు, మూయకపోవడం, పదిహేడు రోజులు. తడబడ్డాను. బావకి మూడురోజులు పట్టినది ఆవిడకి ఒక్క గుక్కలో అర్థమైంది.

"అంటే నాను ఆపబట్టి అది ఆగలేదు. నువ్వు ఆపొద్దన్నావు, ఆగిపోనాది."

"అవును."

చాలాసేపు చేపలు తిరగేసింది. నేను నిలబడే ఉన్నాను. ఎండ బాగా కాస్తోంది. తిట్టి ఉంటే బాగుండేది.

"పాలు పొయ్యమంటే మొకం తిప్పుకుంటన్నాది పక్కింటామె. మా తోటికోడలు ఆసుపత్రిలో నన్ను లోనికి రానీలేదు. ఎర్రయ్యకి గెంజి పట్టుకెల్లాను, గుమ్మం కాడే పెట్టీసొచ్చాను." తల ఎత్తింది. "నాకు సెప్పావు, బాగుంది. మరాళ్ళకి ఎవులు సెప్తారు?"

కాగితం రాస్తానన్నాను.

"కాయితం ఎవులు సదువుతారు! ఆ పెట్టెలోంచే సెప్పు. రేపు పాటకి అందరొస్తారు."

నవంబర్ 27, లక్ష్మివారం

నిన్న మధ్యాహ్నమే షెడ్డులో కూర్చుని ఫోన్ లో నా గొంతు రికార్డు చేసి, దిద్దిన ప్రోగ్రాంతో పాటు పెట్టెలోకి ఎక్కించి స్తంభానికి కట్టించాను. నలభై సెకన్లు. ఈ పొద్దున మళ్ళీ వచ్చాను. ఏడింటికి మోగింది.

"నీలయ్యపేట ప్రజలకు తెలియజేయునది. పదిహేడో తేదీ హెచ్చరిక వినిపించకపోవడానికి కారణం సాంకేతిక లోపం. అప్పలనరసమ్మ గారి తప్పు ఏమాత్రం లేదు. ఆవిడ వారం వారం ఆపడం వల్లనే ఈ పెట్టె ఇన్నాళ్ళు పనిచేసింది. లోపం సరిచేయబడింది."

పాట ఆగింది. తట్టలు దించారు. "ఓలమ్మో, అలగా!" అంది ఒకామె. ఇంకొకామె వెళ్ళి అప్పలనరసమ్మ చేయి పట్టుకుంది. నాకు కళ్ళు తడిశాయి, దాచుకోలేదు. ఒక ముసలాయన మాత్రం మైకు వంక చూసి "ఇన్నాళ్ళకి నిజం కక్కింది" అన్నాడు. నవ్వులు. మళ్ళీ పాట మొదలైంది.

అంతా అయిపోయాక ఆవిడ నా దగ్గరకి వచ్చింది. థాంక్స్ చెబుతుందనుకున్నాను, సిగ్గులేకుండా.

"బాగా సెప్పావు పాపా. సాంకేతిక లోపం అన్నావు. అదెవులు?"

నేను బ్యాగు జిప్పు వేసుకున్నాను.

"నా పేరయితే రాసినారు గదా" అంది. కోపంగా కాదు. తట్ట ఎత్తుకుని వెళ్ళిపోయింది.

నవంబర్ 28, శుక్రవారం

పన్నెండు పెట్టెల్లోనూ కొత్తది ఎక్కింది. పన్నెండింటిలోనూ పదకొండు పైపులే. పని పూర్తి.

మైకులో చెప్పిన సంగతి తెలిసి పై ఆఫీసు వాళ్ళు తాళంచెవి తిరిగి ఇస్తామన్నారట. ఆవిడ ఇంకా తీసుకోలేదట. "ఏటి గావాలే ఆవిడికి?" అని బావ విసుగు. చెప్పాను. ఆయన వెంటనే అందుకున్నాడు. "నీ పేరు సెప్తే అది మన పేరే. ఇంక ఆ నలభై ఊళ్ళూ మరిసిపో. మీ అక్కకి కూడా నువ్వే సెప్పు."

నవంబర్ 29, శనివారం

పొద్దున్నుంచి రికార్డింగ్. తలుపు వేసుకుని, ఫ్యాన్ ఆపి. "ఈ పెట్టెలో ప్రోగ్రాం రాసింది నేను. తప్పు నాది. నా పేరు —" దాకా వస్తున్నాను. దగ్గు వస్తుంది, లేదా వీధిలో హారన్. నాలుగుసార్లు అయింది. నాలుగూ చెరిపేశాను.

వచ్చే లక్ష్మివారానికి ఇంకా ఐదు రోజులు.

రిపోర్టులో అప్పలనరసమ్మ అని రాయడానికి ఎంతసేపు పట్టిందో గుర్తు తెచ్చుకుంటున్నాను. ఒక్క నిమిషం కూడా పట్టి ఉండదు.