పెట్ట కింద రాళ్లు

14 మే 1981, గురువారం

ఫారం కోడిపిల్లలు ఎట్టకేలకు ఈ సాయంత్రం అనంతపురం బస్సులో వచ్చాయి. రేపిస్తాం, మాపిస్తాం అని ఫారంవాళ్లు తిప్పినన్నాళ్లూ, ఆ పిల్లల్ని సాకడానికని పక్కింటి ఓబుళక్కను అడిగి తెచ్చుకున్న పెట్ట పొదగడం మానేస్తుందేమోనని, దాని కింద గుండ్రటి రాళ్లు పెట్టి కూర్చోబెట్టాను. గుడ్లే అనుకుంది పాపం. మేతకు కూడా సరిగ్గా లేవలేదు. ఈ ఎండల్లో.

చీకటి పడ్డాక, పిల్లల్ని పెడదామని పెట్టను ఎత్తితే చేతిలో బరువే లేదు. రాళ్లు తీస్తుండగానే ఓబుళక్క వచ్చింది. గబగబా కొంగులో దాచేశాను.

"ఏమ్మే, నా కోడి ఇంత బక్కగైపోయిండాది! గింజలు ఏస్తాండావా లేదా?"

"ఎండలకు అక్కా," అన్నాను.

"ఔలే, మనుషులమే తట్టుకోలేకుండాము," అని నమ్మి వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేది.

పిల్లల్ని కిందికి తోస్తే పెట్ట ఒక్కదాన్నీ పొడవలేదు. అయినా నిద్ర పట్టక ఇందాక లాంతరు తీసుకుని వెళ్లి చూశాను. పిల్లలన్నీ రెక్కల కిందే ఉన్నాయి. కంగారులో నేను తీయడం మరిచిన రాయి ఒకటి పక్కకు దొర్లి ఉంది. పెట్ట మెడ చాచి, ముక్కుతో మెల్లగా దాన్ని కూడా పొట్ట కిందికి లాక్కుంది.