తల మీద కొంగు

భిలాయి, సెక్టర్ 2
17-11-1983

చిరంజీవి సౌభాగ్యవతి ఛాయకు అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ నేను, మీ నాన్న, పెరట్లో నువ్వు పాతిన జామచెట్టు, ముగ్గురం బాగానే ఉన్నాం. విజయనగరంలో నువ్వు, అల్లుడుగారు, మీ అత్తగారు గౌరీదేవి వదిన బాగున్నారని నీ ఉత్తరం వల్ల తెలిసింది. అది వచ్చి వారం దాటింది. జవాబు రాయడానికి కూర్చోవడం, ఏదో పని గుర్తొచ్చినట్టు లేవడం, ఇదే నా వరస. ఈ నాలుగు మాటలు రాసేలోపు కూడా ఒకసారి లేచి, దండెం మీద ఆరిపోయిన బట్టల్ని మళ్ళీ సర్ది వచ్చాను.

నువ్వడిగినవాటికి జవాబు చెబుతాను. మీ నాన్న సిగరెట్లు మానలేదు, తగ్గించానంటారు. మిల్లులో క్రేన్ మీద ఉన్నంతసేపూ కాల్చనివ్వరు కాబట్టి తగ్గిన మాట నిజమే, అది ఆయన గొప్ప కాదు. నీ కాళ్ళ వాపు సంగతి రాశావు. కూర్చున్నప్పుడు కాళ్ళు ఎత్తు మీద పెట్టుకో. మొహం కూడా ఉబ్బినట్టుంటే ఆగకుండా డాక్టరమ్మకు చూపించు. ఉసిరికాయ పచ్చడి అడిగావు. అటు వచ్చేవాళ్ళెవరైనా ఉంటే పంపిస్తాను.

మొన్న పక్క క్వార్టర్ కుముదినీ దీదీ కొత్త కోడల్ని తీసుకొని వచ్చింది. టీ తాగుతుంటే ఆ పిల్ల తల మీద కొంగు జారింది. దీదీ టీ కప్పు కింద పెట్టి నన్ను చూపించింది.

"దేఖో, ఈ మౌసీని చూసి నేర్చుకో. ఆంధ్రా మనిషి, వాళ్ళలో తల కప్పుకునే రివాజే లేదు. అయినా మన మధ్యకొచ్చాక ఒక్క రోజు కూడా తల చూపించలేదు."

"మౌసీకి ఉక్కపోయదా?" అంది కోడలు.

"లాజ్ ఉన్నవాళ్ళకు ఉక్కపోయదు" అంది దీదీ.

ఆ పిల్ల నా వైపు చూసిన చూపు నీకు చెప్పలేను. వాళ్ళ అత్తకన్నా నేనే దానికి శత్రువునయ్యాను. నా సిగ్గు ఎలాంటిదో నీకు, మీ నాన్నకు తప్ప ఈ వీధిలో ఎవరికీ తెలియదు. నువ్వు హైస్కూల్లో ఉండగా నా జుట్టు రాలడం మొదలైంది. పాపిట వెడల్పవుతూ, వెడల్పవుతూ, ఏది పాపిటో ఏది తలో తెలియకుండా పోయింది. ఇది భిలాయి కాబట్టి కొంగు కప్పుకొని బతికిపోయాను. నీ పెళ్ళి ఇక్కడే చేయాలని నేను పట్టుబట్టిందీ అందుకే. వదినగారు వాళ్ళు వచ్చి, నా కొంగు చూసి, ఇక్కడి పద్ధతి కాబోలనుకున్నారు. నేనూ అవునన్నాను.

మన వైపు ఆ మాట చెల్లదు. బొబ్బిలిలో మీ నరసింగరావు మామయ్య కొడుకు పెళ్ళిలో జరిగింది నీకు చెప్పలేదు. అప్పుడు నీకు పరీక్షలని నువ్వు రాలేదు. సవరం పెట్టుకుందామంటే అది కట్టడానికైనా కొంత జుట్టుండాలి కదా. కొంగుతోనే వెళ్ళాను. ముత్తైదువులకు బొట్టు పెడుతూ వచ్చిన ఒక ముసలామె నా దగ్గర ఆగలేదు, నా పక్కావిడకు పెట్టి ముందుకెళ్ళిపోయింది. నా నుదుట బొట్టుంది, మెడలో పుస్తెలున్నాయి. ఆమె వాటిని చూడలేదు, కొంగు చూసింది. తర్వాత నా పక్కన కూర్చొని నెమ్మదిగా, "ఎప్పుడు పోనాడమ్మా మీ ఆయన?" అని అడిగింది. మీ నాన్న అవతల బంతిలో కూర్చొని రెండోసారి పులిహోర వేయించుకుంటున్నారు. నేను కొంగు ఇంకాస్త ముందుకు లాక్కొని లేచిపోయాను. ఆ తర్వాత మన వైపు ఏ శుభకార్యానికీ వెళ్ళలేదు. రైలు పడదని, మోకాలి నొప్పని చెబుతూ వచ్చాను.

నువ్వు ఆ పత్రికలో ముక్క కత్తిరించి పంపినప్పుడు, జుట్టు నాటే ఆపరేషన్ ఆడవాళ్ళకూ చేస్తారని చదివి, నాకు కూడా ఆశ పుట్టింది. బొంబాయి డాక్టరు నెలకోసారి నాగపూర్ వస్తాడని తెలుసుకొని మీ నాన్నే తీసుకెళ్ళారు. ఆపరేషన్ అయిందని, జుట్టు రావడానికి కొన్ని నెలలు పడుతుందని ఆయన నీకు కార్డు రాశారు. ఇప్పుడు నువ్వు రాశావు, "ఈపాటికి వేలెడైనా వచ్చి ఉంటుంది, శ్రీమంతానికి వచ్చి నన్ను పురిటికి తీసుకెళ్ళు, నీ తలలో పెట్టడానికి అత్తగారు పెరట్లో కనకాంబరాలు పెంచుతున్నారు" అని. ఆ వాక్యం దగ్గరే వారం నుంచి లేస్తూ కూర్చుంటూ ఉన్నాను.

ఆపరేషన్ జరగలేదమ్మా.

ఆ డాక్టరు మంచివాడే. నా కొంగు తీయించి, దువ్వెన కొనతో వెనక జుట్టు పాయలుగా విడదీసి, భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు. హిందీలో విడమరిచి చెప్పాడు. కొత్త జుట్టు పుట్టించడం ఎవరి వల్లా కాదట. మెడ వెనక ఒత్తుగా ఉన్నచోట పెన్సిల్ మొనంత చర్మం ముక్కలు జుట్టుతో సహా తీసి, ముందు బోడిగా ఉన్నచోట చిల్లులు చేసి కూర్చుతారట. మగవాళ్ళకు వెనక జుట్టు గట్టిగా నిలుస్తుంది. ఆడవాళ్ళలోనూ కొందరికి నిలుస్తుంది, వాళ్ళకు చేస్తాడట. నాకు తలంతా ఒకేలా పలచబడింది. "తీయాల్సిన చోటే తక్కువుంది మాతాజీ. అక్కడిది తెచ్చి ఇక్కడ పెట్టినా రాలిపోతుంది. రెండు చోట్లా మచ్చలు మిగులుతాయి" అన్నాడు.

నాకు వెంటనే అర్థమైంది. నారుమడే పలచగా ఉంటే నాట్లు ఎక్కడివి?

మీ నాన్నకు అర్థం కాలేదు. కుర్చీలోంచి లేచి, టోపీ తీసి, డాక్టరు ముందు తల వంచారు. "డాక్టర్ సాబ్, మేరా లే లీజియే. నాకు చాలా ఉంది" అన్నారు. అక్కడున్న నర్సు నవ్వు ఆపుకోడానికి కిటికీ వైపు తిరిగింది. డాక్టరు నవ్వలేదు. ఒకరి చర్మం ఇంకొకరి తల మీద నిలవదని ఓపికగా చెప్పాడు. మీ నాన్న ఇంకా తల వంచుకునే ఉన్నారు.

"నెరిసిన జుట్టు నాకెందుకు, టోపీ పెట్టుకోండి" అన్నాను.

తిరుగు రైల్లో ఆపరేషన్ అయిందని నీకు రాయమన్నది నేనే. "ఎందుకలగ అబద్దం?" అని ఆయన అడిగారు. వట్టి మనిషి కాదు, దిగులు పడుతుందని చెప్పాను. అది సగమే నిజం. మీ నాన్న కాక నా తల సంగతి తెలిసిన మనిషివి నువ్వొక్కదానివే. నువ్వు ఆశ వదులుకుంటే ఇక ఆ ఆశ ఎక్కడా ఉండదనిపించింది. కొంగు కింద ఏముందో ఎవరికి కనిపిస్తుందిలే అనుకున్నాను. నువ్వు కనకాంబరాల దాకా వెళ్ళిపోతావని అనుకోలేదు.

నిన్న మళ్ళీ మోకాలి నొప్పి రాద్దామని కలం తీశాను. మీ నాన్న షిఫ్ట్ నుంచి వచ్చి, కాగితం చూసి, నా ఎదురుగా పీట వేసుకొని కూర్చున్నారు.

"ఏటి, మళ్ళీ మోకాలేనా?"

"మరి ఏం రాయమంటారు?"

"నిజం రాయి. నేను సెలవు పెట్టీసినాను."

"మీరు సెలవు పెడితే నాకు జుట్టొస్తుందా?"

"రాదు. ఈసారి నీ పక్కనే కూకుంటాను. ఆడోళ్ళ బంతైనా సరే, లెగను. నేను బతికున్నానో నేదో ఆళ్ళే సూసుకుంటారు."

"పులిహోర తెచ్చినా లేవరా?"

"అక్కడికే తెప్పించుకుంటాను" అన్నారు.

నాకు ధైర్యం వచ్చిందని రాయను. భయం అలాగే ఉంది. ఆ ముసలామె మళ్ళీ కనిపిస్తే ఏం చెబుతానో తెలియదు. కాని పురిటికి నిన్ను తీసుకురావలసింది నేను. ఆ పని ఇంకొకరి చేతికి ఇవ్వలేను.

వదినగారికి సంగతంతా ముందుగానే నువ్వే చెప్పు. పెళ్ళినాడు ఇక్కడి పద్ధతని చెప్పినందుకు నేను వచ్చాక క్షమించమంటాను. నీకు నలుగురిలో చిన్నతనంగా ఉంటుందనుకుంటే అదీ దాచకుండా రాయి, మీ నాన్నొక్కరే వస్తారు. నీ మీద కోపం పెట్టుకోను. నువ్వు రాయకపోతే మాత్రం శ్రీమంతానికి రెండు రోజుల ముందు రాయపూర్‌లో బండి మారి అక్కడికి చేరతాం. ఉసిరికాయ పచ్చడి నేనే తెస్తాను. కనకాంబరాలు నువ్వు పెట్టుకో.

స్టేషన్‌కు వదినగారు కూడా వస్తానంటే రానీ. కొప్పున్న మనిషి కోసం వెతక్కండి. తల మీద కొంగున్న మనిషి దిగుతుంది. ఆమె పక్కన దిగే ఆయన్ని మాత్రం వదినగారికి ముందు చూపించు.

ఇట్లు,
నీ కోసం బయల్దేరుతున్న
మీ అమ్మ నూకరత్నం