వదిన చేతి గ్లాసు

నా తిట్లన్నీ ఓపిగ్గా వినే మా అక్కకి,

ఫోన్ చెయ్యకుండా ఈ ఉత్తరం ఏమిటని కంగారుపడకు. మా ఇల్లు ఎంతో నీకు తెలుసు. వంటింట్లో చెంచా కింద పడితే ముందుగదిలో వాళ్ళు ఉలిక్కిపడతారు. ఆ ముందుగదిలో వదిన ఉంది. నేను చెప్పబోయేదంతా ఆవిడ గురించే.

ఆపరేషన్ బాగా జరిగింది. మీ మరిది లేచి తిరుగుతున్నారు. తాళాల దుకాణం ఎప్పుడు తెరుద్దామా అని ఇప్పటినుంచే గొడవ. మరి నీ ఏడుపు దేనికంటావా? ఏడుపు కాదక్కా, కుళ్ళు. నీ దగ్గర దాపరికం దేనికి, నిలువెల్లా కుళ్ళుకుంటున్నాను.

కిడ్నీ ఇస్తానని అందరికంటే ముందు చెయ్యి చాపి రక్తం ఇచ్చింది నేను. కలవలేదన్నారు. ఏడాదికోసారి చుట్టపుచూపుగా వచ్చే వదినది మాత్రం, ఈయన తోబుట్టువు కదా, అచ్చుగుద్దినట్టు కలిసిందట. ఇన్నేళ్ళు ఒకే కప్పు కింద కష్టం సుఖం పంచుకున్న నేను ఎందుకూ పనికిరాలేదు. ఇప్పుడు ఆయన పొట్టమీద చెయ్యి వేసినా అక్కడ ఆవిడే ఉంటుంది. ఆవిడ మంచిదే, కాదనను. అదే నా కర్మ. చెడ్డదైతే హాయిగా తిట్టుకునేదాన్ని.

డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పింది. ఒంట్లో ఒక కాపలా దళం ఉంటుందట. వచ్చిన కిడ్నీ పరాయిదని దానిమీద పడుతుందట. ఆ మాట విని నాకెంత హాయిగా అనిపించిందో! ఆయన ఒంటికైనా ఆవిడ పరాయిదని తెలిసిందిగా అనుకున్నాను. వెంటనే నాలిక కరుచుకున్నాననుకో. ఆ దళాన్ని జోకొట్టడానికే మాత్రలు. మోతాదు మరీ పెరిగితే ఆ మాత్రలే కిడ్నీని పాడుచేస్తాయట. అందుకని వాళ్ళ ఆసుపత్రిలో ఒక పరిశోధన చేస్తున్నారు.

"మాత్ర వేసుకున్నప్పుడల్లా ఒకే వింత రుచి తగిలితే, మెదడు ఆ రెంటినీ ముడేసుకుంటుందమ్మా. కొన్నాళ్ళకి ఆ రుచి తగిలితే చాలు, మందు పడిందనుకుని కాపలా కాస్త నెమ్మదిస్తుంది. మాత్రలు ఒక్కటీ మానం. అవి కాక, మధ్యలో ఎప్పుడైనా ఒకసారి మందులేని ఉత్తి మాత్రతో ఈ షరబత్తు తాగిస్తాం. పనిచేస్తే మోతాదు పెంచే పని తప్పుతుంది" అంది.

ఊదారంగు షరబత్తు. సబ్బునీళ్ళలో పువ్వులు నానబెట్టిన వాసన. రోజూ ఒకే పాట పెట్టి, అదే గ్లాసులో, ఒకే మనిషి చేతులమీదుగా ఇవ్వాలట. మాత్ర లేకుండా చుక్క కూడా తాగకూడదట.

"మరి ఇంట్లో ఎవరిస్తారు?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే ఈయన "మా అక్క ఇస్తుందండీ" అనేశారు. నా వైపు చూడనైనా లేదు! నా కళ్ళజోళ్ళ షాపుకి సెలవు పెట్టడానికి నేను సిద్ధంగా ఉన్నాను. అడగనైనా అడగలేదు. దారి పొడుగునా మొహం ముడుచుకునే కూర్చున్నాను నేను. ఆయన అది కూడా గమనించలేదు.

నువ్వే చెప్పు, ఇందులో నా తప్పేముంది?

నీ మిరపకాయ


నాకు బుద్ధులు చెప్పే అక్కకి,

నీ ఉత్తరం అందింది. నోరు మూసుకుని ఊరుకోమన్నావు. మూసుకున్నాను. చెయ్యే ఊరుకోలేదు.

ముందు నా వైపు నుంచి కాస్త ఆలోచించు. వదిన హాస్టల్ వార్డెన్ కదా, మా ఇల్లు కూడా హాస్టలే అయిపోయింది. పొద్దున్నే ఆ పాట మోగుతుంది. ఈయన బడిపిల్లాడిలా లేచి కూర్చుంటారు. ఆవిడ గ్లాసు పట్టుకొచ్చి "ఊఁ, గటగటా తాగెయ్" అంటుంది. ఈయన మాత్ర వేసుకుని తాగేస్తారు. నేను గుమ్మంలో నిలబడి చూస్తుంటాను, పక్కింటి నుంచి పంచదార అడగడానికి వచ్చినదానిలా. ఒళ్ళు మండిపోతుంది. మొన్న పరీక్షల్లో షరబత్తు చక్కగా పనిచేస్తోందని తేలింది. డాక్టరమ్మ వదిన భుజం తట్టింది. "మీ చేతి మహిమ" అని కూడా అంది. ఆ మాట నాకు పుండుమీద కారం చల్లినట్టయింది.

అప్పుడు ఒక ఆలోచన వచ్చిందక్కా. ఒంటికి అలవాటుతోనే అన్నీ తెలుస్తాయన్నారుగా. అయితే నా చెయ్యి కూడా అలవాటు కానీ. ఆ షరబత్తు ఆవిడ ఒక్కదాని సొత్తా?

వదిన సాయంత్రం కూరగాయలకి వెళ్ళగానే సీసా తీసి, అదే గ్లాసులో పోసి ఇచ్చాను. మాత్ర లేకుండానే. ఈయన గ్లాసు వంక చూశారు, నా వంక చూశారు. "ఇదేమిటే?" అన్నారు. "నా చేత్తో ఇస్తే గొంతు దిగదా?" అన్నాను. నవ్వి తాగేశారు. నాకు ఎంత గర్వమో! మర్నాడూ ఇచ్చాను. ఇప్పుడు వదిన సంచీ పట్టుకుని గుమ్మం దాటడం, నేను సీసా అందుకోవడం రోజూ ఉన్నదే. షరబత్తేగా, విషం కాదుగా! కళ్ళెర్ర చెయ్యకు.

నీ మిరపకాయ


అక్కా,

ఈసారి తిట్టు. ఎంత తిట్టినా పడతాను. ఇన్నాళ్ళూ ఇది రాయడానికి మొహం చెల్లలేదు.

నీకు రాసిన కొన్నాళ్ళకే పరీక్షలు చెడిపోయాయి. కాపలా దళం మళ్ళీ లేచిందట. మాత్రలు మానలేదు కాబట్టి కిడ్నీ దక్కింది గానీ, ఇలాగే ఉంటే మోతాదు పెంచక తప్పదంది డాక్టరమ్మ. "ఉత్తి షరబత్తు పదేపదే తాగితే, ఇందులో ఏమీ లేదని ఒళ్ళు నేర్చుకున్నది మరిచిపోతుంది. ఎవరైనా తాగించారా?" అని అడిగింది. ఈయన తొణక్కుండా "నేనే తాగానండీ. దాహమేసింది" అన్నారు. ఆ షరబత్తు దాహానికి ఎవరు తాగుతారు! నేనిక ఉండబట్టలేక "నేనే ఇచ్చానండీ" అని ఏడ్చేశాను. వదిన లేచి వరండాలోకి వెళ్ళిపోయింది.

ఆసుపత్రి మెట్లమీద కూర్చుని ఈయనని నిలదీశాను. "తాగకూడదని తెలిసి ఎందుకు తాగారు?"

"నువ్వలా గ్లాసు పట్టుకుని నిలబడితే వద్దనడం నా వల్ల కాలేదు."

"మరి మొదట్లోనే నన్నెందుకు ఇవ్వనివ్వలేదు? నేను పరాయిదాన్నా?"

ఆయన చేతిలో తాళాల గుత్తి తిప్పడం మొదలుపెట్టారు. "రక్తం శుద్ధి చేయించుకునే రోజుల్లో ఒక నర్సు ఉండేది, గుర్తుందా? ఎంత మంచిదని! సూది గుచ్చుతూ పిల్లాడితో మాట్లాడినట్టు మాట్లాడేది. మొన్నామధ్య బస్సులో కనబడి పలకరించింది. అంతే, కడుపులో తిప్పేసింది. బస్సు దిగి వాంతి చేసుకున్నాను. ఆవిడ తప్పేముంది పాపం? ఈ మాత్ర వేసుకున్నాక కూడా గంటసేపు అలాగే తిప్పుతుంది. దాంతోపాటు ఏది చూస్తే అది పట్టుకుంటుందే ఈ పాడు ఒళ్ళు. నీ మొహం పట్టుకుని, నిన్ను చూసినా ఇలాగే తిప్పితే నేను బతికి ఏం చేసుకోను?"

ఇన్నాళ్ళూ నేను దేనికి ఏడ్చానో చూశావా!

వరండాలో వదిన స్తంభానికి ఆనుకుని నిలబడి ఉంది. "మీకు ముందే తెలుసా వదినా?" అన్నాను.

"తెలియకేం? వాడే చెప్పాడు. నేను సరేనన్నాను" అంది. మళ్ళీ తనే, "చిన్నప్పుడు వాడికి నేనే అన్నం తినిపించేదాన్ని. ఇప్పుడు నేను కంచం పెడితే మొహం పక్కకి తిప్పుకుంటాడు. పాపం, నాకు కనబడకూడదని దగ్గు నటిస్తాడు. పోనీలే, మనిషి బతికి ఉన్నాడు, అంతే చాలు" అని కొంగుతో మొహం తుడుచుకుంది.

అక్కా, అప్పుడు నాకేమనిపించిందో తెలుసా? సిగ్గనిపించింది, నిజమే. దాని వెనకాలే మళ్ళీ కుళ్ళు పుట్టుకొచ్చింది. కిడ్నీ ఇచ్చే భాగ్యం ఆవిడదే, ఈ కష్టమూ ఆవిడదేనా? ఆయన కోసం నేను పోగొట్టుకున్నది ఏముంది? ఇందులోనైనా నా వాటా నాకు కావాలి.

డాక్టరమ్మ మళ్ళీ మొదటినుంచి నేర్పిద్దామంది. రంగు కొత్తది, వాసన కొత్తది. "ఈసారి ఎవరి చేత్తో?" అని అడిగింది. ఈయన నోరు తెరిచేలోపు "నేనే" అన్నాను. ఈయన వద్దన్నారు, బతిమాలారు, చివరికి కోప్పడ్డారు. వదిన కూడా కసిరింది. నేను వింటానా! పరిశోధన అయ్యాక గ్లాసు పక్కన పెట్టేస్తే మనిషిని చూస్తే కడుపు తిప్పే ఈ అలవాటు మెల్లగా వదిలిపోతుందని డాక్టరమ్మ అంది. తప్పకుండా పోతుందని మాత్రం అనలేదు.

అదంతా జరిగి చాలా రోజులైంది. రోజూ పొద్దున్నే ఆకుపచ్చ షరబత్తు నేనే ఇస్తున్నాను. కావాలని ఎప్పుడూ ఒకే చీర కట్టుకుంటున్నాను, తొందరగా పట్టుకుంటుందని. నిన్నటి పరీక్షలు బాగున్నాయి. మోతాదు పెంచక్కర్లేదన్నారు. వదిన డాక్టరమ్మ ముందే నన్ను కావలించుకుంది.

ఇవాళ షాపు నుంచి వచ్చి ఆయనకి టీ కలిపి ఇచ్చాను. కప్పు అందుకోబోయి ఆగిపోయారు. మొహం పక్కకి తిప్పుకున్నారు. "అక్కడ పెట్టవే, తర్వాత తాగుతా" అని దగ్గారు. నేను టీపాయ్ మీద పెట్టి వచ్చేశాను. కాసేపటికి వదిన అదే టీ వేడిచేసి ఇస్తే తాగారు. ఆవిడ పళ్ళెంలో కలిపిన అన్నం కూడా ఇద్దరూ చిన్నపిల్లల్లా పోట్లాడుకుంటూ తిన్నారు. నేను సింకు దగ్గర నిలబడి ఇప్పటికే కడిగిన గ్లాసుని మళ్ళీ కడిగాను. ఎంత కుళ్ళుకున్నానో నీకు చెప్పక్కర్లేదు.

మందు పనిచేస్తోందక్కా. వీలుంటే వచ్చి నాలుగు రోజులుండు. నన్ను చూసి మొహం తిప్పుకోని మనిషి ఒకరు దగ్గర కావాలి.

నీ మిరపకాయ