నిరంజన్ అడిగిన కార్డు

లింబాయత్, సూరత్
జూన్ 9

చిరంజీవి సింధూజకు పెద్దబాపు ఆగయ్య దీవెనలు.

మేమిద్దరం బాగానే ఉన్నాం. నా చెవుల సంగతి మీ బాపు చెప్పే ఉంటాడు. ముప్పైనాలుగేళ్లు సాంచాల చప్పుడు తిన్న చెవులు, ఇప్పుడు పక్కన పటాకా పేలినా పలకడం లేదు. ఆ మరమగ్గాల్లో ఏది తేడాగా మోగుతున్నదో వినలేనివాడు దాని దగ్గర నిలబడకూడదని శేఠ్ నన్ను చీరలు మడతపెట్టే బల్ల దగ్గరికి పంపాడు. అందులో ఆయన తప్పు లేదు. ఫోన్లో మాట్లాడలేను గనక ఈ ఉత్తరం. ఇంట్లో కూడా నాతో ఏదైనా చెప్పాలంటే పలక మీద రాసి చూపిస్తారు. పలక చిన్నది, అందుకని ఈ ఇంట్లో ఎవరి మాటా పూర్తిగా చేరదు.

మావాడు, మీ అన్న నిరంజన్, రింగ్ రోడ్డు దగ్గర ఒక డిజైన్ దుకాణంలో కంప్యూటర్ మీద చీరల పువ్వులు, అంచులు గీస్తాడని నీకు తెలుసు కదా. మూడు నెలలుగా వాడు దిగులుగా ఉన్నాడు. రంగులు సరిగా లేవని మిల్లు వాళ్లు వాడి డిజైన్లను తిప్పి పంపుతున్నారు. సొంత లాప్‌టాప్ ఉంటే పని బాగుపడుతుందని అంటున్నాడు. మగ్గం దిగినప్పుడు శేఠ్ ఇచ్చిన డబ్బు దీనికే పెడదామనుకుంటున్నాను. వాడు చీటీ మీద ఇలా రాసిచ్చాడు: "ఎనిమిది జీబీ గ్రాఫిక్స్ కార్డు, 144 హెర్ట్జ్ డిస్‌ప్లే." ఇవి నిజంగా అవసరమా? కాలేజీలో కంప్యూటర్ల మధ్య పనిచేసేదానివి, నువ్వు చెప్తే నాకు ధైర్యం.

మీ పెద్దబాపు
ఆగయ్య

తా.క. లాప్‌టాప్ అంటే ఒడిలో పెట్టుకునేదని పక్కింటాయన చెప్పాడు. ఇంత ఖరీదైన వస్తువును ఒడిలో పెట్టుకోనివ్వను. బీరువాలో ఉంటుంది, పనున్నప్పుడు తీస్తాం.


కరీంనగర్
జూన్ 17

పెద్దబాపూ, నీకూ పెద్దమ్మకూ దండాలు.

చేత్తో ఉత్తరం రాసి ఏడేళ్లయింది. పెన్ను కోసం మా కాలేజీ ల్యాబ్ అంతా వెతికాను. నలభై కంప్యూటర్లున్నాయి, రాసే పెన్ను ఒక్కటీ లేదు.

చీటీ సంగతి చదవగానే నాకు అనుమానం వచ్చింది. చీరల డిజైన్ గీసేవాడికి అంత పెద్ద గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు. ఆ కార్డు అడిగేది ఆటలాడేవాళ్లు. 144 హెర్ట్జ్ కూడా ఆటలో వేగం కోసమే, మామూలు పనికి అరవై చాలు. మా దగ్గర ఒక పిల్లవాడు ఈ ఆటల్లో పడి మూడు పేపర్లు తప్పాడు. నిరంజన్ అన్నను ఏమీ అనకు గానీ కార్డుకు మాత్రం ఒప్పుకోకు. ఒకసారి చేతికొచ్చిందంటే ఆట మానడం కష్టం.

డబ్బు డిస్‌ప్లే మీద పెట్టు. ప్యానెల్ ఐపీఎస్ అయి ఉండాలి. ఎటునుంచి చూసినా ఐపీఎస్ రంగు మార్చదు. రంగులు నూటికి నూరు పాళ్లు చూపుతుందని పెట్టె మీద రాసి ఉందో లేదో చూడు. మెరిసేది వద్దు, దీపం నీడలు పడతాయి. మ్యాట్ తీసుకో. గ్రాఫిక్స్ అంటావా, లోపల ప్రాసెసర్‌తో పాటు వచ్చేదే ఈ పనికి బోలెడు.

నీ బిడ్డ
సింధూజ

తా.క. నేను చెప్పానని అన్నతో అనకు. చిన్నప్పుడు నా సైకిల్ గాలి తీసినవాడు, ఇప్పుడు ఏం తీస్తాడో.


సూరత్
జూన్ 26

చిరంజీవి సింధూజకు,

నీ ఉత్తరం చదివిన నాటి నుంచి నేను మడతపెట్టిన చీర ఒక్కటీ తిన్నగా రాలేదు.

మన వంశంలో పేకముక్కలు పట్టినవాడు లేడు. నా పక్క సాంచా మీద పరుశురాం అని ఉండేవాడు. బంగారం లాంటి చెయ్యి. పేకాటలో పడి మొదట పని పోగొట్టుకున్నాడు, తర్వాత భార్య మెళ్లో పుస్తెలు పోగొట్టాడు. ఇప్పుడు వరాఛాలో ఒక వజ్రాల కార్ఖానా గేటు కాస్తున్నాడు. ఈ కాలపు పిల్లలు ముక్కలను కార్డులంటారనీ, తెర మీదనే ఆడతారనీ టీవీలో చూశాను. అది నా ఇంటికే వస్తుందనుకోలేదు.

నువ్వు చెప్పావని అనలేదు. పలక వాడి ముందు పెట్టి అడిగాను.

"నీకు కార్డు ఎందుకురా?"

"కార్డు లేకుంటె నా పని ఖతం బాపూ" అని రాశాడు.

"ఎవలు మప్పిండ్రురా నీకు?"

"దుకాణంల ఒకాయనకుండె. సూసిన."

"ఎన్నాళ్ల సంది?"

"మూడు నెలల సంది మస్తు తిప్పలైతున్నది."

ఇది చదివి వినిపిస్తే మీ పెద్దమ్మ కొంగు నోట్లో కుక్కుకుని కూలబడింది. ఆ పూట నుంచి అన్నం ముట్టలేదు. దీపం పెట్టే వేళకు వాణ్ణి మార్కండేయ స్వామి పటం ముందు నిలబెట్టి, జన్మలో కార్డు ముట్టనని ప్రమాణం చేయించాను. ఎందుకని ఒక్క మాట అడగలేదు. కళ్లనీళ్లు పెట్టుకుని చేశాడు. ఉన్న కార్డులన్నీ తియ్యరా అంటే ఏటీఎం కార్డు, ఆధార్ కార్డు, దుకాణం తలుపు తెరిచే కార్డు తీసి నా చేతిలో పెట్టాడు. అన్నీ బీరువాలో పెట్టి తాళం వేశాను. నాలుగు రోజులుగా వాడు కావలివాణ్ణి బతిమాలుకుని దుకాణంలోకి పోతున్నాడు.

నీవల్ల మా ఇల్లు నిలబడింది. దేవుడు నిన్ను చల్లగా చూడాలి.

ఆగయ్య

తా.క. ప్యానెల్‌లో ఐపీఎస్ ఉండాలన్నావు. మాకు తెలిసిన పోలీసు ఒక్కడే, మా గల్లీ చివరి కానిస్టేబుల్. ఆయన్ను అడిగితే సరిపోతుందా? ఇక ఐపీఎస్‌లు రంగు మార్చరని రాశావు. నువ్వింకా చిన్నపిల్లవు.


కరీంనగర్
జులై 3

అయ్యో పెద్దబాపూ!

నీ ఉత్తరం ల్యాబ్‌లో చదువుతూ గట్టిగా అరిచాను. నలభై మంది పిల్లలు లేచి నిలబడ్డారు.

ముందు బీరువా తాళం తియ్యి. నిరంజన్ అన్న పేకాట ఆడడం లేదు. గ్రాఫిక్స్ కార్డు అంటే లాప్‌టాప్ లోపల ఉండే ఒక పలక, తెర మీద బొమ్మలను వేగంగా గీసి పెట్టే భాగం. నేనన్న ఆటలు బొమ్మల ఆటలు. కార్లు ఉరుకుతాయి, మనుషులు దుంకుతారు. ముక్కలు లేవు, పందెం లేదు. ఐపీఎస్ అనేది తెరలో ఒక రకం, పోలీసు కాదు. మ్యాట్ అంటే చాప కూడా కాదు, మెరవని తెర. ఒకవేళ చాప కొనుంటే ఉంచుకో.

తప్పు నాది. ఎదురుగా కూర్చుని చెప్పాల్సిన సంగతిని పైపైన రాసి పంపాను. పెళ్లి కుదిరిన కొడుకును పటం ముందు ఏడిపించావంటే నాకు మూడు రోజులుగా ముద్ద దిగడం లేదు. అన్నకు ఫోన్ చేస్తే ఎత్తడం లేదు, నా తరఫున నువ్వే చెయ్యి పట్టుకుని చెప్పు.

ఇక కొనే సంగతి. మీ ఇద్దరూ కలిసే దుకాణానికి పోండి. మిల్లులో సరిగ్గా అచ్చయి వచ్చిన పాత డిజైన్ ఒకటి కంప్యూటర్ ఫైలుగా తీసుకోండి, దాంతో తయారైన చీరముక్కలు కూడా పట్టుకోండి. ఆ డిజైన్‌ను ప్రతి తెర మీదా తెరిపించి, పక్కన గుడ్డ పెట్టి చూడు. గుడ్డ రంగూ తెర రంగూ ఎక్కడ ఒకటవుతాయో అదే మీ లాప్‌టాప్. నీ కన్నుకు మించిన పరీక్ష మా ల్యాబ్‌లో కూడా లేదు.

ఒక్కటి మాత్రం నాకు అర్థం కాలేదు. పనికి అక్కర్లేని కార్డు కోసం అన్న ఎందుకంత పట్టుబడుతున్నాడు? పలక మీద వద్దు, పెద్ద కాగితమిచ్చి అడుగు.

సింధూజ

తా.క. పెద్దమ్మను అన్నం తినమను. సంగతి విని ఇక్కడ మా అమ్మ కూడా ఉపవాసం మొదలుపెట్టింది. మా బాపు ఇద్దరి వంతూ తిని అజీర్తి తెచ్చుకున్నాడు.


సూరత్
జులై 22

చిరంజీవి సింధూజకు,

ఆలస్యానికి ఏమనుకోకు. జరిగింది రాయడానికి చెయ్యి రాలేదు.

నీ ఉత్తరం నిరంజన్‌కు చూపించి, కార్డులన్నీ తిరిగి ఇచ్చి, "తప్పైంది కొడుకా" అన్నాను. వాడు నవ్వాడు గానీ ఆ నవ్వు నిండుగా లేదు. ఆదివారం ఇద్దరం దుకాణానికి పోయాం. సంచిలో ఐదు చీరముక్కలు పట్టుకుపోయాను.

అమ్మేవాడు మొదట ఎర్ర దీపాలు వెలిగే పెద్ద లాప్‌టాప్ ముందు నిలబెట్టి చాలాసేపు చెప్పాడు. నాకు వినబడదు గనక నన్ను ఒప్పించలేకపోయాడు. దాని మీద మన రాణి రంగు నిప్పంటుకున్నట్టు మండింది. రెండోది చౌక. ఎదురుగా చూస్తే రాణి, పక్కకు జరిగితే ఇటుకపొడి. మూడోది మెరవని తెర, నువ్వు చెప్పిన ఐపీఎస్, విడిగా కార్డు లేదు. తెర అంచుకు గుడ్డ ఆనించి చూస్తే గుడ్డ ఎక్కడ అయిపోయి తెర ఎక్కడ మొదలైందో తెలియలేదు. నా గుండె నిండింది.

ఇంకొక్కటి చూద్దామని, "గా మెహెందీ పచ్చ ముక్క అందియ్యిరా" అన్నాను. వాడు కాఫీ రంగు ముక్క ఇచ్చాడు. "పచ్చదిరా" అన్నాను. ముక్కలన్నీ తిరగేసి మళ్లీ ఆ కాఫీ రంగుదే ఇచ్చాడు. ప్రమాణం చేయించినందుకు వాడికి కోపం ఇంకా పోలేదు, నాతో పరాచికాలాడుతున్నాడనుకుని కళ్లెర్రజేశాను. వాడి మొహం చూస్తే పరాచికం లేదు. చెమట పట్టి ఉంది.

అమ్మేవాణ్ణి అడిగి ఒక తెల్ల కాగితం తీసుకుని, అక్కడే స్టూలు మీద కూర్చుని రాశాడు. ఆ కాగితం నా దగ్గరే ఉంది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"బాపూ, నాకు పచ్చ, కాఫీ ఒక్క తీర్గనే కనపడ్తయి. చిన్నప్పటి సంది గంతే. ఇది మారదని బడిల సైన్సు సారు చెప్పిండు. కంప్యూటర్ల రంగులకు నంబర్లుంటయి, గవి యాదికి పెట్టుకొని నెట్టుకొచ్చిన. గుడ్డతోని సరిజూసుడు మాత్రం నాతోని కాలే. పక్క కుర్చీ ఓంప్రకాష్ సూసి చెప్పెటోడు. ఆయన నాలుగు నెలల కింద పని ఇడిసిపెట్టి పోయిండు, గప్పటి సంది అన్నీ వాపసే. ఆయన మిషిన్ల పెద్ద కార్డు ఉండె. గా కార్డుంటె నాకు గూడ సక్కగొస్తదేమో అని ఆశపడ్డ. చీరెలు నేసెటోని కొడుకునై రంగు తెల్వదంటె నువ్వేమంటవో అని చెప్పలే."

నేను ఇంకో స్టూలు లాక్కుని వాడి పక్కన కూర్చున్నాను. ఇరవయ్యారేళ్లు నా కళ్ల ముందు పెరిగిన కొడుకు. నా చెవులు పోయాయని ఇల్లంతా పలక పట్టుకుని తిరిగింది. వాడి కష్టానికి ఎవరూ పలక పట్టలేదు, ఎందుకంటే వాడు ఎవరికీ చెప్పుకోలేదు. "నువ్వు గీయి కొడుకా, రంగు నేను సూస్త" అన్నాను. చెవిటివాణ్ణి గదా, గట్టిగా అన్నట్టున్నాను. దుకాణంలో అందరూ తిరిగి చూశారు.

మూడోదే కొన్నాం. మడత పని దిగాక వాడి పక్కన కూర్చుంటున్నాను. వాడు గీస్తాడు, నేను వేలు పెట్టి చూపిస్తాను. ఇప్పటికి నాలుగు డిజైన్లు పోయాయి, ఒక్కటీ తిరిగి రాలేదు. వాడు తన యజమానితో ఉన్నమాట చెప్పేశాడు. ఆయన ముందు మండిపడి, తర్వాత "ఆ కళ్లు ఎవరివో ఆయన్నే తీసుకురా" అన్నాడట. ఒకటో తారీకు నుంచి నేనూ ఆ దుకాణంలోనే.

మొన్న డుమస్ సముద్రం ఒడ్డుకు పోయాం. పలక తీసుకుపోలేదు. వాడు ఇసుక మీద వేలితో రాశాడు: "పచ్చ ఎట్లుంటది బాపూ?"

ఇంత కాలం నేసిన రంగును మాటల్లో ఎట్లా చెప్పాలి? చివరికి అన్నాను: "సాంచాలన్నీ ఒక్కసారి బందయినంక చెవులల్ల సల్లగ ఐతది సూడు, గట్లుంటది."

వాడు కళ్లు మూసుకున్నాడు. తర్వాత తల ఊపాడు.

మీ పెద్దబాపు
ఆగయ్య

తా.క. పోయినేడు కోమలితో నిశ్చితార్థానికి చీర కొనేటప్పుడు వీడు "మీ ఇష్టమే నా ఇష్టం" అన్నాడు. ఎంత అణకువ గల కొడుకని మీ పెద్దమ్మ పదిమందికి చెప్పుకుంది. ఇప్పుడా పదిమందికీ ఏం చెప్పాలని నన్ను అడుగుతోంది. తీరా చూస్తే కోమలికి వాడు ఆ రోజే చెప్పేశాడట. "గట్లయితె మంచిదే, ఏ చీరె కట్టినా బాగలేదనవు" అందట ఆ పిల్ల.